పారిపోయేవాడి పక్కన పసివాడు

తరుముతున్న లోకం ఒకవైపు, చెయ్యి పట్టుకున్న బిడ్డ మరోవైపు. ఈ కథను కోల్‌కతా వందేళ్లకు పైగా రకరకాలుగా చెబుతూనే ఉంది. ఇప్పుడు చెప్పాలంటే మాత్రం పాత దారులు చాలవు.

పల్లె నుంచి పని వెతుక్కుంటూ మహానగరానికి వచ్చిన రైతు అతడు. అర్ధరాత్రి దాహమేసి ఓ పెద్ద భవంతి ఆవరణలోని కుళాయి దగ్గరకు వెళతాడు. కుక్క మొరుగుతుంది. ఎవరో దొంగ అని కేకేస్తారు. అంతే, తెల్లవారే వరకూ ఆ భవంతిలోని గదుల్లో దాక్కుంటూ పరుగెత్తడమే అతడి పని. దాక్కున్న ప్రతి చోటా పెద్దమనుషుల చాటుమాటు దొంగతనాలు అతడి కంటపడతాయి. చివరికి కర్రలు పట్టుకున్న జనం దగ్గరవుతున్న సమయంలో ఓ చిన్నపిల్ల గదిలోకి వెళ్లిపడతాడు. పిల్ల కేకలు వేయదు. దొంగవా అని అడుగుతుంది. కాదంటే, మరి భయమెందుకని నిలదీస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో అతడి వెన్ను నిటారవుతుంది. తలెత్తుకుని జనం మధ్య నుంచి నడిచి వెళ్లిపోతాడు.

1956లో రాజ్ కపూర్ నిర్మించి నటించిన 'జాగ్తే రహో' కథ ఇది. దర్శకులు బెంగాలీ నాటకరంగ దిగ్గజం శంభు మిత్ర, అమిత్ మైత్ర. అదే కథ 'ఏక్ దిన్ రాత్రే' పేరుతో బెంగాలీలోనూ వచ్చింది. మన దేశంలో ప్రేక్షకులు అంతగా పట్టించుకోని ఆ సినిమాకు 1957లో కార్లోవీ వారీ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి దక్కింది. కథ కలకత్తాలోది. చిన్నపిల్లగా నటించింది డైసీ ఇరానీ.

పరారీలో ఉన్న మనిషి, ముక్కూమొహం తెలియని పసివాళ్లు. ఈ జంట కథకులకు ఎప్పుడూ ఆకర్షణే. అయితే 'జాగ్తే రహో' ఒక సంగతి గుర్తుచేస్తుంది. ఎవరు ఎవరిని కాపాడుతున్నారన్నది ముందే తేల్చేసుకోకూడదు. ఆ పిల్ల కన్నా రైతు నాలుగింతలు పెద్దవాడు. కానీ ఆ రాత్రి కాపలా కాసింది పిల్లే.

తాను దూర కంత లేదు...

ఈ తరహా కథ నడిపించే యంత్రం చాలా సులువైనది. దాక్కునేవాడికి బంధాలుండకూడదు. ఊరు మారాలి, పేరు మారాలి, ఎవరి కంటా రెండోసారి పడకూడదు. పిల్లలకు కావలసినవి సరిగ్గా దానికి వ్యతిరేకం. వేళకు తిండి, నిద్రపోవడానికి ఒక చోటు, జ్వరమొస్తే డాక్టరు, ఏడిస్తే ఊరుకోబెట్టే మనిషి. వీటిలో ఏది సమకూర్చాలన్నా నలుగురిలోకి వెళ్లాలి. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్న సామెతలో ఎలుక పరిస్థితి అచ్చం ఇదే. బిడ్డ వైపు వేసే ప్రతి అడుగూ పట్టుబడే ప్రమాదం వైపు వేసే అడుగే. ఈ లెక్క తప్పితే కథ సడలిపోతుంది. పరారీలో ఉన్నవాడికి ఏ నష్టమూ లేకుండా బిడ్డ బాగుపడితే అది దానధర్మం అవుతుంది తప్ప కథ కాదు.

ఈ లెక్కను ప్రపంచానికి బాగా నేర్పిన రచయితలు ఇద్దరు. 1862లో విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల్' నవలలో మాజీ ఖైదీ జీన్ వాల్జీన్, చనిపోయిన ఓ తల్లికిచ్చిన మాట కోసం ఆమె కూతురు కొజెట్‌ను వెతుక్కుంటూ వెళతాడు. చలిరాత్రి, చీకటి అడవిలో, మోయలేని నీళ్ల బకెట్‌తో ఎనిమిదేళ్ల పిల్ల. వెనక నుంచి ఓ పెద్ద చెయ్యి వచ్చి బకెట్ అందుకుంటుంది. ఉపన్యాసాలు లేవు, కన్నీళ్లు లేవు. బరువు తగ్గిందని పిల్లకు తెలుస్తుంది, మనిషి ఎలాంటివాడో పాఠకుడికి తెలుస్తుంది. ఆ తర్వాత పారిస్ వీధుల్లో పోలీసు తరుముతుంటే వాల్జీన్ ఒంటరిగా గోడలెక్కి పోగల సమర్థుడే. పిల్లను వదలలేకపోవడమే అతడి చిక్కు. తెలుగువారికి ఈ కథ 1950లోనే పరిచయం. పక్షిరాజా వారు తమిళ, తెలుగు భాషల్లో తీసిన చిత్రం తెలుగులో 'బీదలపాట్లు'గా వచ్చింది. ఖైదీ పాత్ర చిత్తూరు నాగయ్యది. 1972లో అదే పేరుతో అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడిగా మరో సినిమా వచ్చింది.

రెండోవాడు చార్లెస్ డికెన్స్. 1860-61లో సీరియల్‌గా వచ్చిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో ఓడ జైలు నుంచి పారిపోయిన మాగ్విచ్ మొదట పిల్లవాడిని భయపెట్టి తిండి, ఆకురాయి తెప్పించుకుంటాడు. మర్నాడు సైనికులకు చిక్కాక మాత్రం ఎవరూ అడగకుండానే, కమ్మరి ఇంట్లో తిండి దొంగిలించింది తానేనని చెబుతాడు. పిల్లవాడిపైకి నేరం రాకుండా ఒక్క అబద్ధం. పరుగు ముగిసినవాడు, ఇవ్వడానికి ఇంకేమీ మిగలనివాడు చేయగలిగిన రక్షణ అదొక్కటే. పాఠకుడికి అతడిపై అభిప్రాయం మారేది ఆ క్షణంలోనే.

మూడు దారులు, ఒకే నగరం

కోల్‌కతా ఇదే కథను తన పద్ధతిలో మలచుకుంది. ఇక్కడ పారిపోయేవాడు ఎప్పుడూ జైలు నుంచి పారిపోయినవాడే కానవసరం లేదు. దేశం నుంచి, ఊరి నుంచి, గతం నుంచి పారిపోయినవాళ్లే ఎక్కువ. హౌరా, సియాల్దా స్టేషన్ల ద్వారా తరతరాలుగా ఈ నగరంలోకి దిగినవారు అలాంటివారే.

రవీంద్రనాథ్ టాగోర్ 1892లో రాసిన 'కాబూలీవాలా' మొదటి దారి. ఐదేళ్ల మినీకి, ఎండుపళ్లమ్ముకునే పఠాను రహమత్‌కు మధ్య స్నేహం అందరికీ తెలిసిన కథే. రహమత్ పరారీలో ఉన్నవాడు కాదు. కానీ బాకీ ఎగ్గొట్టిన ఖాతాదారును కత్తితో పొడిచి ఏళ్ల తరబడి జైలు అనుభవించినవాడు. కథలో చాలామంది మరచిపోయే పాత్ర మినీ తల్లి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు లేరా, అంత లావు మనిషికి పిల్లను మాయం చేయడం అసాధ్యమా అన్నది ఆమె అనుమానం. టాగోర్ ఆమెను వెక్కిరించడు. ఆ అనుమానం అక్కడే ఉంచి, దానికి సమాధానంగా రహమత్ అంగీలో దాచుకున్న మాసిన కాగితాన్ని బయటకు తీయిస్తాడు. దానిపై ఉన్నది ఫొటో కాదు, బొమ్మ కాదు. మసి పూసి ఒత్తిన ఓ చిన్నారి అరచేతి ముద్ర. కాబూల్ కొండల్లో వదిలి వచ్చిన సొంత కూతురిది. పరాయి బిడ్డపై ప్రేమకు కారణం అడిగే పాఠకుడికి ఆ కాగితం ముక్క చాలు.

1957లో తపన్ సిన్హా ఈ కథను బెంగాలీలో తీస్తే ఛబీ బిశ్వాస్ రహమత్ అయ్యాడు. 1961లో బిమల్ రాయ్ నిర్మించిన హిందీ చిత్రంలో బల్‌రాజ్ సాహ్నీ, 2023లో సుమన్ ఘోష్ బెంగాలీ చిత్రంలో మిథున్ చక్రవర్తి అదే పాత్ర ధరించారు. 2018 నాటి 'బయోస్కోప్‌వాలా'లో రహమత్ ఎండుపళ్ల వ్యాపారి కాదు, అఫ్ఘానిస్థాన్ నుంచి పారిపోయి వచ్చి పిల్లలకు సినిమా ముక్కలు చూపించేవాడు. నూటపాతికేళ్లలో కథ మెల్లగా వ్యాపారి నుంచి శరణార్థి వైపు జరిగింది.

రెండో దారి ఋత్విక్ ఘటక్‌ది. శిబ్రామ్ చక్రవర్తి నవల ఆధారంగా తీసిన 'బాడీ థేకే పాలియే' 1959లో విడుదలైంది. తండ్రికి భయపడి ఊరు వదిలి కలకత్తా చేరిన కాంచన్ అనే అబ్బాయి కథ అది. నగరంలో అతడికి దొరికిన అండ హరిదాస్. వీధుల్లో చిరుతిళ్లమ్ముతూ పిల్లల్ని నవ్వించే ఈ మనిషి ఒకప్పుడు తూర్పు బెంగాల్‌లో బడిపంతులు. దేశ విభజన అతడిని ఇక్కడికి విసిరేసింది. అంటే ఇక్కడ పారిపోయి వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడికి తిరిగి వెళ్లడానికి ఇల్లుంది, రెండోవాడికి లేదు. ఆ తేడా మాటల్లో చెప్పకపోయినా ప్రతి సన్నివేశంలోనూ గుచ్చుకుంటుంది.

మూడో దారి సత్యజిత్ రాయ్‌ది. ఆయన 'ఫటిక్‌చంద్' నవలను కుమారుడు సందీప్ రాయ్ తన తొలి చిత్రంగా 1983లో తెరకెక్కించాడు. కిడ్నాపర్ల కారు ప్రమాదానికి గురై, జ్ఞాపకశక్తి పోగొట్టుకున్న పిల్లవాడు తనకు తానే ఫటిక్ అని పేరు పెట్టుకుంటాడు. మైదానంలో బంతులాట ఆడే గారడీవాడు హారూన్ అతడిని చేరదీస్తాడు. లాయరు గారి అబ్బాయి బస్తీలో ఉంటూ టీకొట్టులో పనిచేస్తాడు. వెంటపడుతున్నది పోలీసులు కాదు, బతికిపోయిన కిడ్నాపర్లు. ఇక్కడ రాయ్ చేసిన మేలిమి పని ఏమిటంటే, కాపాడేవాడికి దయ తప్ప అధికారం ఏదీ ఇవ్వకపోవడం. హారూన్‌కు డబ్బు లేదు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా నాలుగు బంతుల్ని గాలిలో నిలపగల చేతులు. హారూన్‌గా నటించిన కాము ముఖర్జీ అంతకు ముందు రాయ్ 'సోనార్ కేల్లా'లో విలన్. అతడి మొహంలోని ఆ కొద్దిపాటి గరుకుదనం ఇక్కడ బాగా అక్కరకొచ్చింది.

తెలుగు సినిమాలోనూ పరాయి బిడ్డను వెనకేసుకొచ్చే కథానాయకుడు కొత్త కాదు. 1987లో కోదండరామిరెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పసివాడి ప్రాణం'లో హత్యను చూసిన చెవిటి, మూగ పిల్లవాడిని చిరంజీవి కాపాడతాడు. మలయాళ మాతృక నుంచి వచ్చిన ఆ కథలో అబ్బాయిగా నటించింది బేబీ సుజిత అనే అమ్మాయి. మాట్లాడలేని బిడ్డ కావడంతో సాక్ష్యం బయటపడటం ఆలస్యమవుతుంది, ప్రమాదం పెరుగుతుంది. బిడ్డ మాటకు అడ్డం పడే కారణం ఒకటి ఉండటం ఈ కథలన్నిటిలో కనిపించే ఉపాయం. ఫటిక్‌కు జ్ఞాపకం లేదు, కొజెట్‌కు ధైర్యం లేదు.

అనుమానం అబద్ధం కాదు

అయితే పాత కథలను అలాగే దుమ్ము దులిపి ఇప్పుడు చెప్పడం కుదరదు. దానికి కోల్‌కతా చరిత్రలోనే కారణముంది. 30 ఏప్రిల్ 1982న బాలీగంజ్ దగ్గరి బిజన్ సేతు ప్రాంతంలో ఆనందమార్గ్‌కు చెందిన 17 మంది సన్యాసులు, సన్యాసినులను పట్టపగలు కొట్టి, తగలబెట్టి చంపారు. దాని వెనక రాజకీయాలపై వాదోపవాదాలు నేటికీ ఉన్నాయి. కానీ అంతకు ముందు ఆ ప్రాంతంలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లు చెలరేగాయి. ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. 2018లో అలాంటి పుకార్లే ఫోన్లలో వాట్సాప్ సందేశాలుగా దేశమంతా తిరిగాయి. మహారాష్ట్రలోని ధూలె జిల్లాలో ఒకే రోజు ఐదుగురిని జనం కొట్టి చంపారు. తెలుగు రాష్ట్రాల్లోనూ అపరిచితులపై దాడులు జరిగాయి. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు మార్గదర్శకాలిచ్చింది. 2019 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ శాసనసభ మూకదాడుల నిరోధక బిల్లు ఆమోదించింది.

అంటే పరాయి బిడ్డ చెయ్యి పట్టుకుని వీధిలో నడిచే ఒంటరి మగవాడికి నేడు పోలీసు కన్నా జనమే పెద్ద ప్రమాదం. అదే సమయంలో రెండో నిజాన్నీ రచయిత దాటవేయలేడు. పిల్లలకు హాని చేసేవారు కూడా ముందు దయగానే దగ్గరవుతారు. మిఠాయి, ముద్దుమాటలు వాళ్ల ఆయుధాలే. కాబట్టి మినీ తల్లి అనుమానాన్ని మూర్ఖత్వంగా చూపించే కథ పాఠకుడిని మోసగించినట్లే. పరారీలో ఉన్నవాడు మంచివాడని రచయిత చెబితే సరిపోదు. బిడ్డను నలుగురికీ దూరంగా తీసుకెళ్లే అవకాశం ఉన్నప్పుడు నలుగురి మధ్యకే తీసుకెళ్లాడా? బిడ్డ వద్దన్నప్పుడు ఆగాడా? తన గురించి చెప్పకూడదని బిడ్డతో ఒట్టు వేయించుకున్నాడా? ఇలాంటి చిన్న పనుల్లోనే మనిషి బయటపడతాడు.

చట్టం ఈ చిక్కును ఇంకా బిగిస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తప్పిపోయినట్లు లేదా ఎవరూ లేనట్లు కనిపించే బిడ్డ ఎవరికి తారసపడినా, 24 గంటల్లోగా బాలల సహాయ సేవకు గానీ, దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ, బాలల సంక్షేమ కమిటీకి గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గానీ తెలియజేయాలి, లేదా నమోదైన బాలల సంరక్షణ సంస్థకు అప్పగించాలి. ప్రయాణానికి పట్టే సమయం ఈ 24 గంటల్లోకి రాదు. చెప్పకపోవడం నేరం. ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల జరిమానా లేదా రెండూ పడొచ్చు. పారిపోయేవాడికి చట్టం విధించే ఈ గడువు కథకుడి చేతికి దొరికిన గడియారం. కథంతా ఒక్క రోజులో నడవాలని శాసనసభ్యులు రాసిపెట్టినట్లే ఉంది.

హౌరాలో ఒక ఊహ

ఇవన్నీ కలిపి ఒక కథ అల్లితే ఎలా ఉంటుందో చూడొచ్చు. ఇది కేవలం ఊహ.

శ్రీకాకుళం జిల్లా లారీ డ్రైవర్. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే 16వ నంబర్ జాతీయ రహదారిపై ఖరగ్‌పూర్ దగ్గర తెల్లవారుజామున అతడి లారీ ఒకరిని ఢీకొంది. జనం పోగవుతుంటే దిగి పరుగెత్తాడు. ఆగి ఉంటే తనను చంపేసేవారన్నది అతడి సమర్థన. అది నిజమో, పిరికితనమో అతడికే తేలలేదు. ఈ భయం ఊహాజనితం కాదు. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష విధించే కొత్త నిబంధనపై 2024 జనవరిలో దేశవ్యాప్తంగా డ్రైవర్లు సమ్మెకు దిగినప్పుడు వాళ్లు చెప్పిన ముఖ్య కారణం ఇదే. ఆ ఏడాది జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు.

మూడు రోజుల తర్వాత అతడు హౌరా స్టేషన్‌లో ఉన్నాడు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె ఖాళీ అయ్యాక ఆరేడేళ్ల పిల్ల ఒకతి ప్లాట్‌ఫాం మీద నిలబడి, వచ్చేపోయేవాళ్లందర్నీ 'మాయమ్మేదీ?' అని అడుగుతోంది. ఎవరికీ అర్థం కాలేదు. అతడికి అర్థమైంది. తల్లి ఖరగ్‌పూర్‌లో నీళ్ల కోసం దిగింది, రైలు కదిలింది. అంత పెద్ద స్టేషన్‌లో ఆ మాట తెలిసినవాడు ప్రస్తుతానికి అతడొక్కడే. బదులిస్తే పిల్ల ఊరట చెందుతుంది. కానీ పోలీసులు వెతుకుతున్నది తెలుగు మాట్లాడే డ్రైవర్‌ను. ఏ భాష పిల్లను కాపాడుతుందో అదే భాష అతడిని పట్టిస్తుంది.

ఇక్కడి నుంచి కథ తనంతట తానే నడుస్తుంది. మొదటి ప్రయత్నం సరైనదే కావాలి. స్టేషన్‌లోని బాలల సహాయ కేంద్రం దాకా తీసుకెళతాడు. అక్కడ రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాయమంటారు. కలం పట్టుకుని ఆగిపోతాడు. పిల్లను అక్కడ వదిలి జనంలో కలిసిపోవచ్చు. నిజానికి చాలామంది అదే చేస్తారు, దానిలో తప్పు కూడా లేదు. కానీ పిల్ల మాట అక్కడ ఎవరికీ తెలియదు. 'మావా, నువ్వెల్లిపోతావేటి?' అని ఆమె అడిగిన మాటకు అర్థం చెప్పడానికీ అతడే కావాలి.

రెండో మలుపు ఖరగ్‌పూర్. రైల్వే కాలనీల ఆ ఊళ్లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లున్నారు. తల్లి అక్కడే వెతుకుతూ ఉంటుంది. అక్కడి మాటతీరు పిల్లకు అర్థమవుతుంది. రెండు మూడు గంటల లోకల్ ప్రయాణం. ప్రమాదం జరిగింది కూడా ఆ ఊరి పొలిమేరలోనే. పిల్లకు అన్నిటికన్నా సురక్షితమైన చోటు అతడికి అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. బంధాల్లేని రచయిత ఇంతకన్నా గట్టి ముడి వేయలేడు.

లోకల్ రైలులో పిల్ల ఏడుపు మొదలుపెడితే ఎదుటి సీటులోని ఆడమనిషి బెంగాలీలో ఏదో అడుగుతుంది. పక్కవాళ్లు లేచి నిలబడతారు. మినీ తల్లి అనుమానం, 1982 నాటి వీధి, వాట్సాప్ పుకారు అన్నీ ఆ పెట్టెలోకి వచ్చి కూర్చుంటాయి. అతడు తప్పించుకోవడానికి చేసే ఏ పనైనా నేరం ఒప్పుకున్నట్లే ఉంటుంది. తప్పించుకోకుండా తన ఫోన్‌లో 1098 నొక్కి, స్పీకర్ పెట్టి, అందరి ముందూ పిల్లను మాట్లాడించడం ఒక్కటే మార్గం. ఆ పనితో పిల్ల గండం గట్టెక్కుతుంది. అతడి ఫోన్ ఎక్కడుందో లోకానికి తెలిసిపోతుంది.

ముగింపు ఎవరిది?

ఇక చివరి ప్రశ్న. పట్టుబడాలా, తప్పించుకోవాలా? సినిమాలు సాధారణంగా మూడో దారి వెతుక్కుంటాయి. పారిపోయేవాడిని తూటాకు బలిచ్చి కన్నీళ్లతో లెక్క సరిచేస్తాయి. అది తేలిక. చనిపోయినవాడిని ఎవరూ ప్రశ్నించరు.

కష్టమైనది ఇంకొకటుంది. ఒక బిడ్డను కాపాడినంత మాత్రాన రోడ్డు మీద వదిలి వచ్చిన మనిషి తిరిగి లేవడు. ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. బిడ్డను కథానాయకుడి పాపం కడిగే నీళ్లచెంబుగా వాడుకోవడం ఈ తరహా కథల్లో అతి పెద్ద లోపం. హ్యూగో అందుకే వాల్జీన్‌ను చివరిదాకా నిద్రపోనివ్వలేదు. టాగోర్ కూడా రహమత్ కత్తిపోటును మాఫీ చేయలేదు. జైలు పూర్తిగా అనుభవింపజేశాడు. విడుదలై వచ్చేసరికి మినీకి పెళ్లవుతోంది. తన కూతురూ ఈపాటికి ఇంతే ఎదిగి ఉంటుందని అప్పుడు తట్టి కూలబడిపోతాడు. మినీ తండ్రి పెళ్లి దీపాలు, బ్యాండుమేళం ఖర్చు తగ్గించి అతడి చేతిలో దారి ఖర్చులు పెడతాడు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద తల్లి పిల్లను చంకనెత్తుకున్నాక డ్రైవర్‌కు ఎవరూ దీపాలు ఆర్పి డబ్బులివ్వరు. రైల్వే పోలీసు నోట్‌బుక్ తెరిచి పేరు అడుగుతాడు. ఈసారి అతడు అసలు పేరే చెబుతాడా? కథ అక్కడ ఆగినా నష్టం లేదు. పొద్దున హౌరాలో రిజిస్టర్ ముందు ఆగిపోయిన కలం పాఠకుడికి గుర్తుంటే చాలు.